ముప్పై నాలుగు తెరలు

"ఆదివారం సుత ఆఫీసేందే?" అంది అత్తమ్మ. నేను పొయ్యి మీది పప్పులో ఉప్పు వేస్తున్నాను. ఆ రోజు మా ఆడపడుచు సుకన్య కుటుంబం భోజనానికి వస్తోంది. అందరం కలిసి పదకొండు మందిమి. ఏడింటికల్లా పప్పు, వంకాయ కూర, పెరుగు పచ్చడి చేసి మూతలు పెట్టేశాను. అన్నం, మటన్ మిగిలాయి. అవి మీరు చూసుకోండి, తొమ్మిదింటికి నాకు పనుంది అన్నాను. అత్తమ్మ నాతో కాకుండా హాల్లో పేపరు చదువుతున్న మా ఆయనతో అంది. "ఇన్నవా ఓంప్రకాశ్, నీ పెండ్లాం పోయి కంప్యూటర్లకు స్విచ్ ఎయ్యాల్నంట." ఆయన పేపరు దించకుండానే నవ్వారు. "దానికి పెద్ద చదువు గావాలె అమ్మా, స్విచ్ ఎయ్యనీకి."

ఏ.ఎస్. రావు నగర్ నుంచి బస్సెక్కి సికింద్రాబాద్ వచ్చేదాకా ఆ నవ్వు నా చెవుల్లోనే ఉంది.

మాది రాంగోపాల్‌పేట్‌లో మందుల హోల్‌సేల్ ఆఫీసు. పదకొండేళ్ల కిందట బిల్లింగ్ క్లర్కుగా చేరాను. అప్పట్లో ప్రతి కంప్యూటర్లో ఒక హార్డ్‌డిస్కు ఉండేది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి పాడయ్యేది, ఆ సీటు మనిషి రోజంతా చేతులు కట్టుకుని కూర్చోవాల్సి వచ్చేది. నేను పాలిటెక్నిక్‌లో చదివింది కంప్యూటర్లే. పెళ్లయ్యాక ఆ సంగతి ఇంట్లో వాళ్లెవరికీ గుర్తులేదు, నేను కూడా మర్చిపోతున్న రోజులవి. లంచ్ టైముల్లో కూర్చుని, పాత పుస్తకాలు తిరగేసి, ఆరు నెలల్లో ఆ డిస్కులన్నీ పీకేశాను. లోపలి గదిలో ఒక్క సర్వర్ పెట్టాను. స్విచ్ నొక్కగానే ప్రతి మిషనూ నెట్‌వర్క్ మీద తనకో అడ్రసు అడుగుతుంది. సర్వర్ అడ్రసు ఇచ్చి, ముందుగా చదవాల్సిన ఒక చిన్న ఫైలు పంపిస్తుంది. ఆ ఫైలు తక్కిన సిస్టమ్‌నంతా సర్వర్ నుంచి తెచ్చుకుంటుంది. డిస్కు లేదు కాబట్టి పాడయ్యేందుకూ ఏమీ లేదు. "మా ఊర్మిళ చేతిల ఏదో మహిమున్నది" అని మేనేజర్ పద్మనాభం గారు అందరి ముందూ మెచ్చుకున్నారు. మహిమ అనేశాక దానికి వేరే హోదా, వేరే జీతం ఎందుకు? హాజరు పుస్తకంలో నేను ఇప్పటికీ బిల్లింగ్ క్లర్కునే. ఎవరి మిషన్ మొరాయించినా బిల్లు మధ్యలో లేచి వెళ్లి బాగుచెయ్యాలి. తిరిగొచ్చి నా బిల్లులు నేనే పూర్తిచేసుకోవాలి. ఆలస్యమైతే, "ఊర్మిళా, నీయే తక్కువైనయి ఇయ్యాల" అనేది కూడా ఆయనే.

ఈ ఏడాది సర్వర్ మార్చే సమయం వచ్చింది. పన్నెండు కొత్త మిషన్లు కూడా కొన్నారు. ఆ పని కోసం హరికిషన్ అనే కన్సల్టెంట్‌ని బయటి నుంచి పిలిపించారు. కొత్త మిషన్లు పాతవాటి ఫైలు చదవలేవు, రెండు రకాలకు రెండు వేర్వేరు ఫైళ్లు పంపాలి అని నేను ముందే కాగితం మీద రాసిచ్చాను. పద్మనాభం గారు దాన్ని మడిచి సొరుగులో పెట్టారు. "గవన్నీ వాళ్లు చూసుకుంటరమ్మా. నువ్వు ఆదివారం వచ్చి జెర దగ్గరుండు. తాళాలు, చాయ్ చూస్తే చాలు."

హరికిషన్ మర్యాదస్తుడే. కానీ తొందర మనిషి. పదింటికి కొత్త సర్వర్ పెట్టి మిషన్లు ఆన్ చేశాడు. కొత్తవి పన్నెండూ వచ్చాయి, పాతవి ఇరవై రెండూ నల్లగా ఉండిపోయాయి. ఫైలు మార్చాడు. పాతవి వచ్చాయి, కొత్తవి ఆగిపోయాయి. మళ్లీ మార్చాడు. పన్నెండయ్యేసరికి అతని చొక్కా వీపు మీద తడిసిపోయింది. సోమవారం పొద్దున ఎనిమిది వ్యాన్లు బయల్దేరాలి. అందులో ఆసుపత్రులకు వెళ్లే ఇన్సులిన్ కూడా ఉంది. బిల్లు లేనిదే పెట్టె కదలదు. పద్మనాభం గారు నుదురు రుద్దుకుంటూ, "ఊర్మిళా, ఇంకోసారి చాయ్ చెప్పు" అన్నారు.

నేను చాయ్ చెప్పలేదు. కుర్చీ లాక్కుని సర్వర్ ముందు కూర్చున్నాను.

"జరగండి సార్, నేను చూస్తా."

అడ్రసు అడిగేటప్పుడు ప్రతి మిషనూ తను ఏ రకమో కూడా చెప్తుంది. దాన్ని వినమని సర్వర్‌కి ఎవరూ చెప్పలేదు, అంతే. పాతదైతే ఈ ఫైలు, కొత్తదైతే ఆ ఫైలు అని రాయడం మొదలుపెట్టాను. ఫోన్ మోగింది. మా ఆయన.

"అల్లం యాడుంది?"

"ఫ్రిజ్‌ల కింది డబ్బాల."

రాయడం పూర్తిచేసి, సర్వర్‌లో అడ్రసులిచ్చే సర్వీసు మళ్లీ నడిపితే అది అసలు మొదలే కాలేదు. వెనక పద్మనాభం గారు నిట్టూర్చారు. మగవాళ్ల ముందు తప్పు చేస్తే ఆ తప్పు తన ఒక్కదానిది కాదు, ఆడవాళ్లందరిదీ అవుతుందని ఆడదానికి ఎవరూ నేర్పనక్కర్లేదు. మళ్లీ ఫోన్.

"చెల్లె వాళ్లొచ్చిన్రు. నువ్వెప్పుడొస్తవ్?"

"పనైనంక."

"నువ్వు లేకపోతే ఆఫీసు నడవదా ఏంది?"

పదకొండేళ్లుగా ఈ ప్రశ్నకు నవ్వేసి ఊరుకుంటూ వచ్చాను. "నడవదు" అన్నాను. ఫోన్ సైలెంట్‌లో పెట్టేశాను.

రాసిన ఆరు లైన్లూ మళ్లీ పైనుంచి చదివాను. ఆరో లైన్లో ఒక బ్రాకెట్ మూయలేదు. మూశాను. సర్వీసు నడిచింది. లేచి హాల్లోకి వెళ్లి, మొదటి వరస నుంచి ఒక్కో మిషన్ స్విచ్ నేనే నొక్కుకుంటూ పోయాను. పాతది, కొత్తది, మళ్లీ పాతది. ఒక్కో తెరా వెలుగుతూ వచ్చింది. ముప్పై నాలుగోది వెలిగినప్పుడు నాకు గట్టిగా అరవాలనిపించింది. అరిచాను కూడా. హరికిషన్ నవ్వుతూ చప్పట్లు కొట్టాడు. "ఆ ఆరు లైన్లు జెర నాకు సుత చూపియ్యండి మేడమ్" అన్నాడు. చూపించాను. ఆ తర్వాత సాయంత్రం దాకా అతను నేను చెప్పిన మిషన్లు పరీక్షించాడు.

ఇంటికొచ్చేసరికి సింకు నిండా గిన్నెలు. మా ఆయన తోమిపెట్టారని రాయాలని ఉంది. తోమలేదు. నేనూ తోమలేదు.

సోమవారం తొమ్మిదిన్నరకి హాలంతా ఒక్కసారి ఆన్ అయింది. నా పక్క సీటు షహర్ బానో, "అక్కా, ఇదేంది, చాయ్ తెచ్చుకునే టైం సుత ఇస్తలే! కూసునేలోపే వచ్చింది" అంది. పదింటికి ఓనరు పురుషోత్తం గారు వచ్చారు. వ్యాన్లు రెండు అప్పటికే వెళ్లిపోయాయని తెలిసి హాలంతా చూస్తూ, "ఎవరు చేసిన్రు పద్మనాభం?" అన్నారు.

"హరికిషన్ సార్, మస్తు చేసిండు. మా ఊర్మిళ సుత హెల్ప్ చేసింది."

నేను లేచి నిలబడ్డాను. ఇంత తేలిక అని తెలిస్తే ఎప్పుడో లేచేదాన్ని.

"కాదు సార్. నేను చేసిన. హరికిషన్ గారు నాకు హెల్ప్ చేసిన్రు."

పురుషోత్తం గారు నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. "రేపు ఇది ఆగిపోతే?"

"నన్నే పిలుస్తరు సార్. పదకొండేండ్ల సంది నన్నే పిలుస్తున్నరు."

"సరేనమ్మా, గవి తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు పద్మనాభం గారు, చెమట తుడుచుకుంటూ. "ముందు బిల్లులు కొట్టు, వ్యాన్లు నిలబడ్డయి."

నేను బ్యాగు, టిఫిన్ డబ్బా తీసుకుని సర్వర్ గది వైపు నడిచాను. పురుషోత్తం గారు పక్కకు జరిగి దారి ఇచ్చారు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాను.

"బిల్లింగ్ సీటుకు ఇంకొకరిని చూసుకోండి సార్," అన్నాను. "నా సీటు ఇది."