వంటగట్టు మీద నల్లా

శనివారం భానుప్రసాద్ బస్సు దిగేసరికి చేతిలో రెండు అట్టపెట్టెలు ఉన్నాయి. ఒకటి పొడుగ్గా, బొమ్మలతో మెరుస్తోంది. రెండోది చిన్నది, మూలలు నలిగిపోయి ఉంది. దంతెవాడలో సర్కారు క్వార్టర్లకు కరెంటు పని చేస్తాడతను. వారానికోసారి బాసగూడ దగ్గర తన ఊరికొస్తాడు. ఆ వారమే ఇంట్లో కొత్త వంటగట్టు, సింకు తయారయ్యాయి. మిద్దె మీది టాంకీ నుంచి పైపు వచ్చింది. నల్లా బిగించడం ఒక్కటే మిగిలింది.

"ఇది సెన్సార్ నల్లా," అని పెద్ద పెట్టె విప్పాడు. "చెయ్యి కింద పెడితే నీళ్లొస్తయ్, తీస్తే ఆగుతయ్. ఇంక తిప్పుడే లేదు. ఆ రెండోది మామూలుది. ఏది నచ్చితే అది ఉంచుకుందం, ఇంకోటి దుకాణమాయన వాపస్ తీసుకుంటడు."

అతని భార్య నవీన ఊళ్లో మితానిన్. ఇంటింటికీ తిరిగి బాలింతలను, పసిపిల్లలను, జ్వరాలను చూసుకునే పని. ఆమె మామూలు నల్లానే చేతిలోకి తీసుకుంది.

"నాకిది చాలు. తిప్పి గిన్నె పెడితే నిండుతది, ఈలోపు నేను ఉల్లిగడ్డ కోసుకుంట. దాని ముందు చెయ్యి చాపుకుని నిలబడాల్నా? చెడిపోతే ఎవరు చూస్తరు?"

"నేను లేనా?"

"నువ్వు వారానికోసారి ఉంటవు."

భానుప్రసాద్ నవ్వి తల్లి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా."

సారలమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. "నాదేముంది? మీ ఇద్దరి ఇష్టం," అంది. కానీ ఆదివారం పొద్దున కొడుకు సెన్సార్ నల్లా బిగించి చూపించినప్పుడు అందరికంటే ముందు ఆమే లేచివచ్చి రెండు చేతులూ కింద పెట్టింది. నీళ్లు దబదబా పడ్డాయి. తీసింది, ఆగాయి. మళ్లీ పెట్టింది.

"ఒక వారం చూద్దం," అనేసి భానుప్రసాద్ సోమవారం దంతెవాడ వెళ్లిపోయాడు.

ఆ వారం నవీనకు ఆ నల్లాతో పొసగలేదు. కట్టెల పొయ్యి మీద మసిబారిన గిన్నెను కింద పెడితే నల్లా గుర్తుపట్టేది కాదు. గిన్నె పక్కన చెయ్యి ఊపితే ఒకసారి వచ్చేది, ఒకసారి వచ్చేది కాదు. బుధవారం ఆమె పసిపిల్లల బరువులు రాసుకున్న రిజిస్టరును గట్టు అంచున పెట్టి సబ్బు కోసం నల్లా కిందుగా చెయ్యి చాచింది. నీళ్లు ధారగా పడి రిజిస్టరు మీదికి చిందాయి. నాలుగు పేజీల సిరా అలుక్కుపోయింది. ఆ పిల్లలందరినీ ఎత్తుకుని మళ్లీ తూకం వెయ్యాలంటే రెండు రోజుల పని.

గురువారం ఊళ్లో పైపులు బిగించే సోమారును పిలిపించి, సెన్సార్ నల్లా తీయించేసి, మామూలుది పెట్టించుకుంది. భర్తకు ఫోన్ చెయ్యలేదు. వచ్చాక చెప్పవచ్చనుకుంది. అత్త అక్కడే నిలబడి అంతా చూసింది.

మర్నాడు మితానిన్ల మీటింగు తొందరగా ముగిసి నవీన మధ్యాహ్నమే ఇంటికొచ్చింది. వంటింట్లో సారలమ్మ ఒక్కతే ఉంది. చీరకొంగు నల్లా తలకాయకు చుట్టి, రెండు అరచేతుల మధ్య పట్టుకుని తిప్పుతోంది. కుడిచెయ్యి జారిపోతోంది. ఎడమ చేత్తో ప్రయత్నించింది. సోమారు గట్టిగా బిగించిన కొత్త నల్లా, కదల్లేదు. కాసేపు దాని వైపు చూసి, తోటకూర జల్లెడ చంకలో పెట్టుకుని, వీధి చివరి చేతిపంపు దగ్గరికి బయల్దేరింది.

గుమ్మంలో నిలబడి ఇదంతా చూసిన కోడలు ఎదురైంది.

"చెయ్యి చూపించు, అత్తమ్మా."

"ఏం లేదు బిడ్డా. కొత్తది కదా, బిర్రుగున్నది."

నవీన ఆమె కుడిచెయ్యి పట్టుకుని తన వేలు అందులో పెట్టింది. "పిండు."

సారలమ్మ పిండింది. పసిపిల్ల పట్టుకున్నట్టుంది. మణికట్టు దగ్గర ఎముక పక్కకు ఉబ్బి ఉంది. పోయినేడు ఇప్పపువ్వు ఏరేటప్పుడు ఆమె పడింది. నాటువైద్యుడు కట్టు కట్టాడు. నెల తర్వాత నయమైందని ఆమే కట్టు విప్పేసింది. అందరూ నమ్మారు. ఊళ్లో ఎవరి కాలు వాచినా కనిపెట్టే నవీన కూడా నమ్మింది.

"ఏడాది నుంచి ఇట్లనే ఉన్నదా?" నవీన అడిగింది. "నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఏం చేస్తవు? మంచం మీద కూర్చో అంటవు. నువ్వు మంచిదానివి, కచ్చితంగా అంటవు." సారలమ్మ జల్లెడ కింద పెట్టింది. "నాకు వంట చేసుడు ఇష్టం. ఆ పెద్ద నల్లా ఉన్న నాలుగు రోజులు నా ఇష్టమొచ్చినట్టు కడుక్కున్న. అంతే."

"మరి నిన్న తీసేటప్పుడు వద్దని అనొచ్చు కదా."

"నీ రిజిస్టరు తడిసి నువ్వు ఏడ్చినవు. నేనెట్ల అంటను?"

నవీన జల్లెడ తీసుకుని తనే నల్లా తిప్పి, పక్కకు జరిగింది. తోటకూర సారలమ్మే కడిగింది.

ఆ శనివారం పని పడి భానుప్రసాద్ రాలేకపోయాడు. సోమవారం అత్తాకోడళ్లిద్దరూ బస్సెక్కి బీజాపూర్ ఆసుపత్రికి వెళ్లారు. ఎముక వంకరగా అతుక్కుందని, రోజూ వేళ్లకు కసరత్తు చేయిస్తే పట్టు కొంత వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. మాట్లాడుతూనే ఆమె సింకు దగ్గరికి వెళ్లి, నల్లాకు ఉన్న పొడుగాటి పిడిని మోచేత్తో పక్కకు నెట్టింది. నీళ్లొచ్చాయి. మళ్లీ మోచేత్తోనే కట్టేసింది.

నవీన బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీద నుంచే భర్తకు ఫోన్ చేసింది. సెన్సార్ నల్లా తీయించిన సంగతి, అత్త చెయ్యి సంగతి వరసగా చెప్పింది.

"నేను కూడా చూడలేదు కదా, వారం వారం వస్తున్న," అన్నాడతను. "ఇప్పుడేం చేద్దం?"

"ఇక్కడ ఆసుపత్రిల ఉన్నట్టు పొడుగు పిడి ఉన్న నల్లా దొరుకుతదేమో చూడు. మామూలుదే, కరెంటు వద్దు, బ్యాటరీ వద్దు. మోచెయ్యి ఆనిస్తే తిరగాలె."

దంతెవాడ దుకాణంలో ఒక్కటే ఉంది. అది తెచ్చి ఆ శనివారమే బిగించాడు. సెన్సార్ నల్లాను పెరట్లో కాళ్లూ చేతులూ కడుక్కునే చోట గోడకు పెట్టాడు. పక్కింటి పిల్లలు దాని కింద చేతులు పెట్టి, తీసి, పెట్టి, సాయంత్రం దాకా అక్కడి నుంచి కదల్లేదు.

ఆదివారం సంతలో తాలిపేరు వాగు చేపలు దొరికాయి. నవీన అలవాటుకొద్దీ గిన్నె అందుకోబోయింది.

"తప్పుకో," అంది సారలమ్మ. మోచేత్తో పిడి నెట్టి, ఎడమ చేత్తో చేపను పట్టుకుని, కుడి అరచేత్తో ఉప్పు, పసుపు రుద్దింది. మెల్లగా సాగుతోంది పని. ఒకటి జారి సింకులో పడింది. నవీన చెయ్యి ముందుకు వెళ్లి, మధ్యలో ఆగిపోయింది. సారలమ్మ దాన్ని మళ్లీ పట్టుకుంది.

నవీన పీట వేసుకుని వెల్లుల్లి ఒలవసాగింది.

"పులుసులకు ఇంకొంచెం చింతపండు నానబెట్టు," అంది అత్త, వెనక్కి తిరక్కుండానే. "మొన్న నువ్వు చేసింది చప్పగున్నది."