ముందే తీర్చిన మొక్కు

ఎవరైనా పని అయ్యాక మొక్కు తీర్చుకుంటారు. నేను ముందే తీర్చేశాను. చిత్తూరులో ఇరవై ఏళ్ళుగా స్టీలు సామాన్ల కొట్టు నడుపుతున్నదాన్ని. అడ్వాన్సు పంపందే ఏ కంపెనీవాడూ నాకు ఒక్క గిన్నె పంపిన పాపాన పోలేదు. దేవుడి దగ్గర మాత్రం తర్వాత ఇస్తాలే స్వామీ అనడం ఎందుకని శనివారం తెల్లారేసరికి బస్సెక్కి తిరుమల పోయి, నడుము దాటిన జడను కల్యాణకట్టలో ఇచ్చేసి వచ్చాను.

మా అత్త యశోదమ్మ నన్ను చూసి గడపలోనే నిలబడిపోయింది.

"మూడు కత్తెర్లు జుట్టు ఇచ్చింటే సరిపోయుండును గదమ్మా. సైకిలు తొక్కేదానికి గుండు యాల? బోడిగుండుకీ మోకాలికీ ముడేసినట్ల ఉండాది."

"మూడు కత్తెర్లు ఇస్తే స్వామి కూడా నన్ను మూడు అడుగులే దింపుతాడత్తా," అని లోపలికి పోయి మోకాళ్ళకు కట్టుకునే ప్యాడ్లు వెతుక్కున్నాను. ముడి వేయాలంటే రెండూ సిద్ధంగా ఉండాలి కదా.

నేను మొక్కుకున్నది ఒక బండ గురించి. మా సైకిల్ క్లబ్బులో పది మందిమి ఉన్నాం. ఆదివారం పొద్దున్నే కాణిపాకం రోడ్డులో మునస్వామి నాయుడి మామిడితోట వెనక గుట్ట ఎక్కి, లావు టైర్ల కొండ సైకిళ్ళ మీద రాళ్ళ దారిలో దిగుతాం. మోకాళ్ళ నొప్పికి మంచిదని డాక్టరు చెబితే చేరాను. నొప్పి పోయింది, పిచ్చి పట్టుకుంది. కానీ ఆ దారి మధ్యలో మూడు మెట్లుగా విరిగిన బండ ఒకటుంది. అందరూ దాని మీదుగా ధబధబమంటూ దిగిపోతారు. నేను మాత్రం దాన్ని చూడగానే రెండు బ్రేకులూ బిగబట్టి, సైకిల్ దిగి, తోసుకుంటూ పోతాను. ఒకటి కాదు, పదకొండు ఆదివారాలు. కొట్లో దూరిన దొంగను ఇడ్లీపాత్ర మూతతో వీధి చివరిదాకా తరిమినదాన్ని నేను. అలాంటిది ఒక రాతికి భయపడటమంటే నాకు ఒళ్ళు మండుకొచ్చేది.

పైగా ఇదే ఆఖరి ఆదివారం. సోమవారం నుంచి మామిడికాయ కోత. లారీలు తిరుగుతాయి కాబట్టి తోట గేటు మాకు మూసేస్తారు. కోతలయ్యాక వానలు, ఆ బండ మీద పాచి. ఈ రోజు దిగితే దిగినట్టు, లేకపోతే దీపావళి దాకా ఆ బండ నా కలలోకి వస్తుంది.

ఆదివారం గుట్ట మీద నేను తలగుడ్డ విప్పగానే అందరూ చుట్టూ మూగారు. గుండు నిండా చందనం. క్లబ్బులో పళ్ళ డాక్టరు గుణశేఖర్ ఉన్నాడు, నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు. చేతులు జోడించి, "గోవిందా. ఏమి మొక్కుకున్నావక్కా?" అన్నాడు.

"ఈ పొద్దు బండ దిగతానని."

"దిగినాక గదా ఇచ్చేది?"

"నీ కాడ పన్ను పీకేదానికి ముందు డబ్బు కట్టించుకోవా అప్పా?"

ఆ మాటకు అందరూ నవ్వారు. ఒక్క దొరస్వామన్న నవ్వలేదు. ఆయన మా పెద్ద. తిరుమల ఘాట్ రోడ్డులో ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆయన తనిఖీ కానిదే ఎవరి చక్రమూ కదలకూడదు. టైరు నొక్కుతాడు, బ్రేకులు పట్టి చూస్తాడు, చివరగా హెల్మెట్ పట్టుకుని ఊపుతాడు. హెల్మెట్‌తో పాటు తల కూడా ఊగాలి. తల నిలబడి హెల్మెట్ ఒక్కటే ఊగితే ఆ రోజుకు ఇంటికే.

నా హెల్మెట్ ఊపాడు. అది గిర్రున తిరిగి నా చెవి మీద ఆగింది.

నా జుట్టు ఒత్తయినది కదా, ఏ సైజూ పట్టక అన్నింటికంటే పెద్దది కొన్నాను. జుట్టు తిరుమలలో ఉంది, హెల్మెట్ ఇక్కడ ఉంది. ఆయన వెనకున్న బిగింపు చక్రం చివరిదాకా తిప్పాడు. చందనం మీద అది ఇంకా హాయిగా జారింది.

"ఇది కుదరదు పంకజాక్షమ్మా," అన్నాడు.

"లోపల తువ్వాలు పెట్టుకుంటే?" అన్నాడు గుణశేఖర్.

"తువ్వాలు జారితే టోపీ జారతాది. టోపీ జారితే తల రాయికి తగలతాది. వద్దు."

అక్కడ నా నోరు లేచింది. పదకొండు వారాలు ఎండలో తోసుకుని దిగానన్నాను. నా జడ ఎంత పొడవుండేదో ఊరందరికీ తెలుసన్నాను. రూలు మనిషి కోసమా, మనిషి రూలు కోసమా అన్నాను. ఆయన అంతా విన్నాడు.

"ఘాట్‌లో బ్రేకు రవ్వంత తేడా ఉన్నా నేను బండి తియ్యలేదు. లోపల యాభైమంది గోవిందలు పెడతా ఉన్నా సరే, ఇంకో బండి వచ్చినాకనే పోయినాము. కోపం సేసుకుంటే సేసుకో తల్లీ," అన్నాడు.

అందరి హెల్మెట్లూ వరసగా పెట్టి చూశాం. ఒకటి ముక్కు దాకా దిగింది. ఇంకొకటి సరిపోని మూతలా నడినెత్తి మీద నిలబడి కిందికి దిగనంది. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారు. హెల్మెట్లు తీస్తే దొరస్వామన్నకూ నాకూ జుట్టన్న మాటే లేదని అప్పుడు నాకు తెలియదు గానీ, కాళ్ళు పట్టుకోవడానికి కూడా సిద్ధపడ్డాను. ఎగతాళిగా చెబుతున్నాను గానీ నాకు నిజంగానే ఏడుపొచ్చింది. జడా పోయింది, బండా పోయింది. రాతి మీద కూలబడి చందనం కళ్ళల్లోకి కారుతోందని చెప్పి కళ్ళు తుడుచుకున్నాను.

దొరస్వామన్న కొంచెంసేపు తన సైకిల్ వైపు చూశాడు. తర్వాత గడ్డం కింద బెల్టు విప్పి, తన హెల్మెట్ తీశాడు. ఆయన తల చూడటం మాకు అదే మొదటిసారి. నున్నగా, నా గుండుకు అన్నలా ఉంది. ఆ హెల్మెట్ నా తలకు పెట్టి, బెల్టు బిగించి ఊపాడు. తల ఊగింది. ఇంకా గట్టిగా ఊపాడు. భుజాలతో సహా ఊగాను.

"బోడితలకు కొనిందే ఇది. సరిపోయింది," అన్నాడు.

"మరి నువ్వన్నా?"

"నేను నడిసి దిగతా. టోపీ ల్యాకుండా తొక్కకూడదని రూలు పెట్టింది నేనే గదమ్మా."

ఆయనకూ ఇదే ఆఖరి ఆదివారం. నిన్ననే బ్రేకులకు కొత్త రబ్బరు కట్టలు వేయించుకున్నాడని నాకు తెలుసు. సైకిల్‌ను చెట్టుకు ఆనించి, సీటు మీద ఒకసారి తట్టి, బండ దగ్గరకు నడిచిపోయాడు. ఇప్పుడు దిగకపోతే నేను మనిషినే కాదనుకున్నాను.

గుణశేఖర్ ముందు దిగి, దారి ఖాళీగా ఉందని కింద నుంచి విజిల్ వేశాడు. "రైట్ రైట్," అన్నాడు దొరస్వామన్న బండ పక్కన నిలబడి.

వదిలాను. గులకరాళ్ళు టైరు కింద పటపటమన్నాయి. మలుపు తిరగ్గానే బండ కనిపించింది, నా వేళ్ళు వాటంతటవే బ్రేకుల మీద బిగుసుకోబోయాయి.

"బండను సూడొద్దు, దావను సూడు," అంటున్నాడాయన. "వెనక్కి ఒంగు. ఒక్కో బ్రేకుకు ఒక్క ఏలు సాలు. పీకి పట్టుకోవద్దు."

తల ఎత్తి బండ అవతల దారిని చూశాను. సీటు వదిలి వెనక్కి వంగాను. ధబ్. హ్యాండిల్ ఎగిరిపడింది. ధబ్. బుగ్గలు అదిరాయి. మూడోసారి ధబ్ మనేసరికి నేను గోవిందా గోవిందా అని అరుస్తున్నాను, బండ నా వెనక ఉంది. హెల్మెట్ కన్నాల్లోంచి గాలి చల్లగా గుండుకు తగిలింది. నలభై ఏడేళ్ళు జుట్టు మోసినదాన్ని, అంత సుఖం ఎప్పుడూ ఎరగను. నవ్వు ఆగలేదు. నవ్వుకుంటూనే మామిడి చెట్ల దాకా వచ్చి ఆగాను. పాదం ఎక్కడా నేలకు ఆనలేదు.

కాసేపటికి దొరస్వామన్న ఆయాసపడుతూ నడిచి వచ్చాడు. ప్యాంటు నిండా పల్లేరుకాయలు. ముఖం చూస్తే ఆ బండ దిగింది ఆయనే అన్నట్టుంది.

"సూసినావా, ఏమన్నా ఉండాదా దాంట్లో?" అని చెయ్యి చాపాడు. "ఇంగ నా టోపీ ఇయ్యి తల్లీ. నేనూ ఒక తూరి దిగతా."

ఇవ్వడం న్యాయం. "ఇస్తానన్నా," అన్నాను, మనస్ఫూర్తిగానే అన్నాను. కానీ చేతులు బెల్టు దగ్గరకు పోకుండా సైకిల్‌ను గుట్ట వైపు తిప్పాయి. పదకొండు ఆదివారాలు తల వంచుకుని దిగిన దారిలో, వెనక ఆయన నవ్వుతూ తిడుతుంటే, ఇంకొక్కసారి, ఇంకొక్కసారన్నా అంటూ సైకిల్ తోసుకుని పైకి పరిగెత్తాను.