కడబంతి

మా జువ్వలదిన్నెకు కొత్త టవరు వచ్చినప్పుడు అందరికంటే ఎక్కువ సంబరపడినవాడు మా తమ్ముడు సమాధానం. దాని నెత్తిన పలకల్లాంటి యాంటెనాలు బిగించారు. పాతది దీపంలా అన్ని దిక్కులా వెలిగేదట. ఇది టార్చిలైటు కొట్టినట్టు ఎవరి ఫోను ఎక్కడుంటే అక్కడికే సిగ్నలు వేస్తుందట. వేస్తుంది, కాదనను. ఒడ్డున కూర్చుని సినిమాలు చూసేవాళ్ళకు వేస్తుంది. బోటెక్కి సముద్రంలో కాస్త లోపలికి పోతే మాత్రం ఫోనులో ఒక్క గీత ఉండదు. పాత టవరైతే కాస్తో కూస్తో అందేది. ఇంజను ఆగిపోయిన బోటొకటి ఆ కాస్త సిగ్నలుతోనే కబురు పంపి బతికి బయటపడింది కూడా.

అందుకే మావాడు పట్టు విడవకుండా ఫోను కంపెనీ చుట్టూ తిరిగి, ఇంజనీరు విజయభాస్కర్‌ను ఊరికి రప్పించాడు. మనుబోలు రైతుల బిడ్డ, మర్యాదస్తుడు. మర్యాదగా చెబితే మేము ఏదైనా నమ్ముతాం.

"టవరుకుండే పవరు కొంతే అన్నా. ఎవరికెంత పంచాలో సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. ఫోన్లు ఎక్కువుండే వైపు ఎక్కువ ఇస్తుంది. సముద్రం వైపు ఫోన్లే కనపళ్ళేదు, అందుకని ఆ వైపును నిద్రపుచ్చింది," అన్నాడతను.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఇక్కడ వడ్డించేవాడు ఎవరివాడూ కాదు. పైగా కడబంతిలో మావాళ్ళు కూర్చున్నట్టే వాడికి తెలియదు. బోటెక్కగానే మావాళ్ళు ఫోను ఆపేసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, అన్నం క్యారియరు పక్కన పెట్టేస్తారు. ఆపదొస్తే మాట్లాడటానికి చార్జి ఉండాలి కదా!

"ఒక వారం ఆన్‌లోనే పెట్టుకోని పొండి. వాడకం కనపడితే అదే పవరిస్తుంది," అన్నాడు విజయభాస్కర్.

మా మరదలు రెజీనాకు అది నచ్చలేదు. "సిగ్నలు లేనికాడ ఆన్‌లో పెడితే చార్జి యాడుంటాది? నువ్వన్నా చెప్పు వదినా," అంది. నేనూ చెప్పాను. వింటే కదా!

"వారమే కదక్కా. ఊరందరికీ మేలు," అన్నాడు తమ్ముడు. ఊరి మేలంటే వాడికి వెనకాముందూ ఉండదు. వాడి మాట మీద అన్ని బోట్లవాళ్ళూ ఫోన్లు ఆన్‌లో పెట్టారు. రోజూ చచ్చిన ఫోన్లతో ఒడ్డుకొచ్చి ఒకరినొకరు ఎగతాళి చేసుకునేవాళ్ళు. అయితేనేం, లోపల ఒక గీత రావడం మొదలైంది. అప్పుడు చూడాలి వాడి ముఖం.

వారం గడవకముందే ఒక మధ్యాహ్నం గాలి తిరిగింది. మిగతా బోట్లన్నీ నానా తిప్పలు పడి ఒడ్డు చేరాయి. మా సమాధానం, వాడితో పోయిన జయరామయ్య మాత్రం రాలేదు. మేము ఒడ్డున నిలబడి ఫోను చేస్తూనే ఉన్నాం. స్విచాఫ్. విజయభాస్కర్ పరుగున వచ్చి, కంప్యూటర్లో చూసి, గాలి లేవకముందే ఆ బోటులోని ఫోన్లు చార్జి అయిపోయి ఆగిపోయాయని చెప్పాడు. బోటు తిరగబడి దక్షిణాన దొరికింది. మనుషులు దొరకలేదు. నాకు దేవుడి మీద కంటే ఆ టవరు పలకల మీదే కోపం ఎక్కువ.

సముద్రంలో మనిషి పోతే మా ఊళ్ళో ఎవరూ బోటు దించరు. ప్రార్థనలు జరిగి, పెద్దలు సరేననేవరకు బోట్లు ఇసుకలోనే ఉండిపోయాయి. ఆ తర్వాత వేటకు పోయినవాళ్ళు తిరిగొచ్చి చెప్పారు, లోపల మళ్ళీ గీత లేదని.

విజయభాస్కర్ మా ఇంటికొచ్చాడు. "ఇన్ని రోజులు సముద్రం మీద ఫోన్లు లేకపోయేసరికి సాఫ్ట్‌వేరు ఆ వైపును మళ్ళా నిద్రపుచ్చింది. చేత్తో మార్చడానికి మా పైవాళ్ళు ఒప్పుకోలేదమ్మా," అన్నాడు. మేము ఏడ్చిన రోజులన్నీ దానికి ఖాళీగా కనపడ్డాయన్నమాట.

అతను నేల చూస్తూ, "మళ్ళా ఒక వారం ఫోన్లు..." అని ఆగిపోయాడు.

రెజీనా తలెత్తింది. గొంతులో కోపం కూడా లేదు.

"ఈసారి ఎవురి మొగుణ్ణి పంపమంటారు సార్?" అంది.