బోరెం ముడి

డాక్టర్ రాజేశ్వర్ రావు చేతకాని డాక్టరని నేననను. పాము కరిచినా, వాంతులు పట్టుకున్నా, వరంగల్ బజారులో ఎవరు పిలిచినా రిక్షా కట్టించుకుని వచ్చేవాడు. మతి చెదిరిన మనిషి ఎదురుపడితే మాత్రం ఆయనకు తెలిసినవి రెండే, తాడూ సూదీ.

నా పెనిమిటి మొగిలయ్య పత్తి మార్కెట్లో హమాలీ. పందొమ్మిది వందల అరవై రెండులో ఒక మధ్యాహ్నం, చచ్చిపోయిన అన్న పిలుస్తున్నాడంటూ పత్తి కుక్కిన గోనె బోరేల మీదికెక్కి, ఇనుప కొక్కెం తిప్పుతూ ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. పిలిస్తే వచ్చిన డాక్టర్ మార్కెట్ గేటు దాటలేదు. అతని పేరైనా అడగలేదు. "కట్టెయ్యండి" అన్నాడు. తోటి హమాలీలు తమకు చేతనైన ముడే వేశారు. బోరెం మూతికి వేసే ముడి అది, గుంజినకొద్దీ బిగుస్తుంది. గేటు దగ్గరికి మోసుకొస్తే డాక్టర్ సూది పొడిచి, "తెల్లారేదాక తాడు విప్పొద్దు" అని, ఇంకో రోగిని చూడాలంటూ రిక్షా ఎక్కాడు.

"సారూ, చెయ్యి కమిలిపోతాంది, ఏం జెయ్యాలె?" అంటూ రిక్షా వెంట ఉరికాను. ఆయన గడియారం చూసుకున్నాడు.

చదువుకున్నవాడి మాట కదా అని విప్పలేదు. పెద్దాసుపత్రిలో మొగిలయ్య కుడిచెయ్యి మోచేతి దాకా తీసేశారు. మతి కుదుటపడింది గానీ మూటలు మోసే పని పోయింది. నేను మార్కెట్ గేటు దగ్గర చాయ్ అమ్మడం మొదలుపెట్టాను. డాక్టర్ ఇల్లు ఎదురుగానే. రోజూ చూసేదాన్ని, పళ్ళు నూరుకునేదాన్ని.

కొన్నేళ్ళకు ఆయన తమ్ముడికే మతి చలించింది. గదిలో చేరి, కత్తిపీట పట్టుకుని అరుస్తున్నాడట. డాక్టర్ చెప్పుల్లేకుండా నా దగ్గరికి ఉరికొచ్చి, చాయ్ తాగుతున్న హమాలీలను పిలిచాడు.

"నలుగురు రాండ్రి, జల్ది!"

ఒక్కడూ లేవలేదు. ఆనాడు ముడి వేసింది వాళ్ళే. అందరూ నా మొహం చూశారు.

"తాడు గావాల్నా సారూ?" అన్నాను.

"తాడొద్దు! వాడు బుగులు పడతడు. జర నిమ్మళంగ పట్టుకునేటోళ్ళు గావాలె."

నా ఒళ్ళు భగ్గుమంది. సొంత తమ్ముడైతే బుగులూ భయమూ ఉంటాయని ఎరుకే అన్నమాట!

"ఎవ్వరు రారు. మీ తమ్ముడే గద, మీరే లోపలికి పోండ్రి."

"ఏం జెయ్యాల్నో నాకు తెల్వదు చిలుకమ్మా."

అందరి ముందర అన్నాడా మాట. నా కడుపు చల్లబడింది, ఎందుకు దాచాలి? ఆయన ఒక్కడే కాళ్ళీడ్చుకుంటూ వెనక్కి నడిచాడు.

పక్కన కూర్చున్న మొగిలయ్య లేవబోయాడు. ఎడమచెయ్యి పట్టుకుని గుంజి కూర్చోబెట్టాను.

"పాపం, ఆ పిలగాడేం జేసిండే?" అన్నాడు.

"నువ్వేం జేసినవ్?" అన్నాను.

ఎదురింట్లోంచి కేక వినబడింది. నేను మొగిలయ్య చెయ్యి వదల్లేదు.