పన్నెండో పొద

ఫోన్ చెవి దగ్గర ఉండగానే ఎఫీ ఒక గంతేసింది. పెనం మీద ఓట్స్ రొట్టె మాడుతున్నా పట్టించుకోలేదు. చిత్తడి బీడులో రెండేళ్లుగా ఏది ఆడదో, ఏది మగదో ఆమె గుర్తించి రాసిన బాగ్ మర్టిల్ పొదల పట్టిక, ద్వీపపు మొక్కల పుస్తకంలో అచ్చవుతోందట!

"ఒక్క చిన్న సంగతి అమ్మాయ్," అన్నారు అవతల ఫర్కర్ గారు. ఆ పుస్తకానికి సంపాదకుడు ఆయనే. "పన్నెండో పొద పోయినేడు ఆడదన్నావు, ఈ ఏడు మగదన్నావు. పోయినేటిది పొరపాటని కొట్టేశాను."

"పొరపాటు కాదండీ, పొదే మారింది. ఈ జాతిలో అప్పుడప్పుడూ మారతాయి."

"నలభై ఏళ్లలో నేనొక్కటీ చూడలేదు. పోయినేడు రూరీ నీ వెనకే తిరిగేవాడుగా. నీ కళ్లు ఎక్కడున్నాయో!"

"పొదకు నంబరు రేకు కట్టాను."

"జింకలు రుద్దితే రేకు ఎక్కడైనా పడుతుంది."

ఫోన్ పెట్టేసరికి ఎఫీ చెవులు ఎర్రబడ్డాయి. ఆరు వారాల కిందటే ఆమెను పెళ్లాడిన రూరీ మాడిన రొట్టె గీకుతూ, "పోనీలే, ఒక్క వరసే కదా," అన్నాడు.

"ఆ వరస పక్కన పొరపాటని ఉంటుంది, కింద నా పేరుంటుంది!"

"అయితే బూట్లు తేనా?"

"అడగాలా?"

పన్నెండో పొదకు ఇంకా ఆకు రాలేదు. నారింజ రంగు మగ కంకులు మాత్రం గుత్తులుగా ఉన్నాయి. ఎఫీ వేలితో మీటితే పసుపు పొడి రూరీ ముక్కు నిండా పడింది. పడీపడీ నవ్వి, ఆ ముక్కుకో ముద్దు పెట్టి, నీళ్లలో మోకాళ్ల మీద కూర్చుంది. రెమ్మ రెమ్మా వెతికింది.

"సెలవు రోజున కొత్త పెళ్లాంతో బురదలో! మా అమ్మ వింటే ఏమంటుందో."

"నోరు మూసుకుని ఇటు చూడు."

ఒకే కొమ్మ. పాత రెమ్మ మీద చలిగాలికి రాలకుండా మిగిలిన, పోయినేడు ఆడదిగా కాసిన ఎండుకాయలు. దాని పక్కనే మొలిచిన రెమ్మ నిండా ఈ ఏటి మగ కంకులు.

రూరీ చాకు తీశాడు.

"తెంపకు! ఎక్కడిదో తెచ్చి అతికించానంటారు."

అక్కడి నుంచే ఫోన్ చేసింది.

"మళ్లీ ఏంటమ్మాయ్?"

"రేపు పొద్దున తొమ్మిదికి పన్నెండో పొద దగ్గరికి రండి. పొడుగు బూట్లు వేసుకోండి. పట్టికా, రబ్బరూ తెచ్చుకోండి. కొమ్మ చూసి, కొట్టేసిన గీతను మీ చేత్తోనే చెరపాలి."

"వాన పడితే?"

"తడుద్దాం."