డాల్టన్ మోకాలు

ఇంగ్లండ్‌లో పదిహేనేళ్లు గోల్స్ కొట్టిన స్ట్రైకర్ డాల్టన్, ముప్పై ఆరో ఏట బర్మాలో, యాంగోన్‌లోని ఒక ఫుట్‌బాల్ క్లబ్‌లో చేరాడు. అక్కడ ఆటగాళ్ల కాళ్లకు మాలిష్ చేసేది ఆ ఊళ్లోనే పజుండౌంగ్ పేటలో ఉండే తెలుగువాడు సూరి. డాల్టన్ కుడి మోకాలు పట్టుకోగానే అది ఇక ఆటకు పనికిరాదని సూరికి అర్థమైంది.

“కోచ్‌కు చెప్పకు. ఈ ఒక్క మ్యాచ్ ఆడనివ్వు,” అని డాల్టన్ బతిమాలాడు. సూరి చెప్పలేదు.

ఇరవయ్యో నిమిషంలో, ఎవరూ తగలకుండానే డాల్టన్ మైదానంలో కూలిపోయాడు. స్ట్రెచర్ మీద వెళుతూ సూరి చేయి నొక్కి, “థాంక్స్” అన్నాడు.

ఇంటికొచ్చిన సూరి అన్నం ముట్టలేదు.

“ఏటయింది?” అని భార్య లక్ష్మీదుర్గ అడిగింది.

“అడిగినాడని ఊరుకున్నాను. నేను సెప్పుంటే ఆ మనిసి నడుసుకుంటూ ఇంటికెల్లేవోడు.”

నెల తర్వాత డాల్టన్ ఊతకర్రలతో విమానం ఎక్కాడు. సూరి మళ్లీ క్లబ్‌కు వెళ్లలేదు.