సిద్ధాంతిగారు ఊసరవెల్లిని సాకిన వైనము

హేమంతము ముదిరి మంచుతెరలు మామిడితోపులను కప్పివేయగా ప్రొద్దెక్కినను సూర్యుడు దుప్పటి విడువనొల్లని ముసలివానివలె తూర్పుకొండల చాటుననే కూర్చుండిన యొకనాటి ప్రాతఃకాలమున నందివలస సంస్థానమునకు ఆస్థాన జ్యోతిష్కులైన కొల్లూరి అహోబల సిద్ధాంతిగారు తమ పెరటినూతికడ కట్టిన పంచెతో కప్పిన యుత్తరీయముతో రెండవమారు తలస్నానము చేసి గడగడ వడకుచుండిరి. వారికి అరువదియెనిమిదేండ్లు. ఉబ్బసము వారికి పాతచుట్టము.

ఈ యాపదకెల్ల మూలము ఊసరవెల్లి. వేటకేగిన రాజావారికి అడవిలో మరకతకాంతివిలసితమైన సరటమొకటి చిక్కగా దానిని పెంచవలెనని వేడుక పుట్టెను. బల్లి పడిన ఫలమును ఊసరవెల్లి యెక్కిన ఫలమును అవయవము వెంట అవయవముగా ఏకరువు పెట్టగల సిద్ధాంతిగారికంటె దాని మర్మమెరిగినవారు వేరెవ్వరుందురని వారికి దానినప్పగించి రాజావారు కాశీయాత్రకు తరలిరి. తిరిగివచ్చునప్పటికి అది ప్రాణములతో లేకున్నచో ముప్పదియేండ్ల ఆస్థానగౌరవము నూతిపాలగుట నిశ్చయము. అది యెచట నెక్కిన నేమగునో సిద్ధాంతిగారికి కంఠస్థము. అది యేమి తినునో యే గ్రంథమునను లేదు.

వారు వెండిగిన్నెలో ఆవుపాలు పోసిరి. పెరుగన్నము పెట్టిరి. రాణివాసమునుండి వచ్చిన అద్దాలపంజరమున ముచ్చటగా నిలిపిరి. ఆ దీనజీవి యేవంక చూచినను తనవంటి శత్రువే యెదురుపడుటచే నొడలుబ్బించి నోరు తెరచి నానాటికి నల్లబడసాగెను. పంజరము కడుగుటకై సిద్ధాంతిగారు దానిని వీపుపైనుండి గుప్పిట పట్టి తీయుదురు. అది బెదరి పెనుగులాడి మోచేతికో భుజమునకో ఎగబ్రాకును. ఎక్కినదా కట్టుబట్టలతో మునుగు సచేలస్నానము తప్పదు. ఆ విధిని ఊరందరికి బోధించినది తామే గనుక కాదనుటకు నోరాడదు. తాను త్రవ్విన గోతిలో తానే పడుట యన నిదియే. పదునెనిమిది దినములుగా మునిగి మునిగి వారి యెముకలకు సైతము విసుగు పుట్టెను.

ఆ యుదయమున పూజకు పూలు తెచ్చిన తోటమాలి నూకాలు పంజరములోనికి తొంగిచూచి బుగ్గలు నొక్కుకొనెను.

“ఏటి సిద్ధాంతి బాబూ ఇదీ! కళ్లు గుంటల్లోకెల్లిపోనాయి. దాహానికి సచ్చిపోతంది.”

“గిన్నెనిండ పాలున్నవి కదే!”

“అది గిన్నిలో తాగదు బాబూ. పాలసలే తాగదు. ఆకు మీద నీటిసుక్క కదిలితే నాలికతో అందుకుంటాది. అంతే.”

ముప్పదియేండ్ల పాండిత్యము ఆకుమీది చుక్కను ఎరుగకపోయెను గదా యని సిద్ధాంతిగారు తడిబట్టలతోనే అరుగుపై కూలబడిరి. నూకాలు చెప్పుకొనిపోయెను. ముందుగా ఆ అద్దములు తొలగింపవలెను. గాలియాడుచోట సగమెండ సగము నీడ పడు గుబురుచెట్టున దానిని వదలవలెను. ఉదయము సాయంకాలము ఆకులు తడియునట్లు నీరు చిలుకరింపవలెను. దానికి ప్రాణముతో కదలాడు పురుగే యాహారము గావున మిడుతలు పట్టు పని తానే చూచుకొనునట. పైనుండి పట్టిన అది గ్రద్దయని హడలిపోవును. చేయి కొమ్మవలె ముందు చాచి ఊరకుండిన తనకు మనసైనపుడు తానే యెక్కును. ముద్దుకని మాటిమాటికి చేతబట్టుట దానికి ప్రాణసంకటము.

“మరి యెక్కిన స్నానమో?” అని సిద్ధాంతిగారు నీరసముగా నడిగిరి.

“అది తవరిష్టం బాబూ. మీ తానంతో దానికి పనేటి?”

పంజరమును పెరటి మందారముకడకు మోసికొనిపోయి తలుపు తెరచి సిద్ధాంతిగారు చేయి చాచిరి. మరియొక చేతితో ఆ చేతిని ఆనించుకొని కదలక నిలిచిరి. చాలసేపటికి ఆ జీవి ముందుకు వెనుకకు ఊగుచు నొక్కొక్క యడుగు పెట్టుచు మణికట్టునకు వచ్చెను. ఎత్తైన చోటు వెదకుట దాని స్వభావమగుటచే మోచేయి దాటి భుజము దాటి పిలక పట్టుకొని నడినెత్తికెక్కి కూర్చుండెను. బ్రహ్మరంధ్రమున నెక్కిన మృత్యువని ఏటేట పంచాంగమున వ్రాయుచు వచ్చినవారు సిద్ధాంతిగారే.

వంటయింటి గుమ్మమునుండి వారి భార్య సోమిదేవమ్మగారు కెవ్వున కేకవేసిరి. “అయ్యో, నడినెత్తిన! మీకు మతిపోయినదా? దులిపివేసి నూతికడకు రండి!”

“ఉండవే. కదిలితినా అది క్రిందపడి నడుము విరుగును.”

“మీ ప్రాణమో?”

“అలసితినే. ఒక్క గడియ దాని ప్రాణము చూడనిమ్ము.”

నూకాలు దోసిట నీరు తీసి సిద్ధాంతిగారి నొసటిమీదుగా వంగిన మందారపుకొమ్మపై చిలుకరించెను. ఆకుకొసలనుండి చుక్కలు జారెను. తమ నెత్తిపై నేమి జరుగుచున్నదో కానలేక సిద్ధాంతిగారు పెదవులు కదలీకదలనట్లు అడిగిరి.

“త్రాగుచున్నదా?”

“తాగతంది బాబూ. సుక్క ఎంట సుక్క తాగతంది. మెడ కాడ పచ్చబడతంది.”

సిద్ధాంతిగారి కన్నులు చెమర్చెను. ఆ క్షణమున రాజావారు గాని ఆస్థానము గాని వారికి జ్ఞప్తికి రాలేదు. మంచు విడి పలుచని యెండ పెరటిలోనికి దిగెను. లోకమునకెల్ల ఫలములు చెప్పి చెప్పి డస్సిన యా నెరసినతలపై మృత్యుఫలము నెమ్మదిగా కూర్చుండి నీరు త్రాగుచుండెను. సిద్ధాంతిగారు కదలలేదు.